రాత్రి నిద్రలేపే వెన్నునొప్పి

పెద్దవాళ్ళకు నడుంనొప్పి వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. బరువెత్తి ఉంటారు, రోజంతా బండి నడిపి ఉంటారు, వయసు మీద పడి ఉంటుంది. ఐదేళ్ళ పిల్లవాడికి అలాంటి కారణాలేవీ ఉండవు. అందుకే ఆ వయసులో వారాల తరబడి తగ్గని వెన్నునొప్పిని, అందులోనూ పడుకున్నాక ఎక్కువై నిద్రలేపే నొప్పిని, అనుభవమున్న పిల్లల వైద్యులు తేలిగ్గా తీసుకోరు. చాలాసార్లు దాని వెనక చిన్న కారణమే ఉంటుంది. అరుదుగా మాత్రం వెన్నుపాములో నెమ్మదిగా పెరుగుతున్న కణితి ఉంటుంది.

అరుదు అన్నమాట నిజమే. పిల్లలకు మెదడులోనూ వెన్నుపాములోనూ వచ్చే కణితులన్నీ కలిపి లెక్కేస్తే, వెన్నుపాముకు చెందినవి వందకు పది లోపే ఉంటాయి. చాలామంది డాక్టర్లు జీవితమంతా ప్రాక్టీసు చేసినా ఒకటో రెండో చూస్తే చూసినట్టు. ఈ జబ్బుతో మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. ఎవరికీ వెంటనే తట్టదు. పిల్లవాడు ఆటల్లో పడ్డాడేమో అనుకుంటారు, బలం లేదనుకుంటారు, నూనె రాసి మర్దన చేస్తారు, టానిక్కులు పోస్తారు. అసలు సంగతి బయటపడేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచిపోతాయి. ఈ కణితుల్లో ఎక్కువ భాగం ప్రాణం తీసే రకం కాదు. కానీ నడకను తీసుకుపోగలవు. ఆ నడక ఎంతవరకు నిలుస్తుందన్నది, ఆపరేషన్‌ బల్ల ఎక్కేనాటికి పిల్లవాడు ఎంత బాగా నడుస్తున్నాడన్న దాని మీదే అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

వెన్నుపాము మెదడు అడుగున మొదలై, పెద్దవాళ్ళలో నడుము దగ్గరి మొదటి రెండు పూసల వరకూ వస్తుంది. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, మందం చిటికెనవేలంత. దాని నుంచి 31 జతల నరాలు బయలుదేరి ఒళ్ళంతా పరుచుకుంటాయి. కాలు కదపమనే ఆజ్ఞ, అరికాలికి తగిలిన ముల్లు సంగతి, మూత్రాశయం నిండిందన్న కబురు, అన్నీ ఈ సన్నటి దారిలోనే వచ్చిపోవాలి. చుట్టూ పల్చటి ద్రవం, దానిపైన డ్యూరా అనే గట్టి పొర, ఆ బయట వెన్నుపూసల ఎముక గోడ. రక్షణ కోసం ఏర్పడ్డ ఈ గోడ మధ్యలో కణితి పెరిగితే, పక్కకు జరగడానికి చోటుండదు.

కణితి ఈ గోడల మధ్య ఎక్కడైనా పుట్టవచ్చు. కొన్ని డ్యూరా పొరకు బయట ఉంటాయి. చిన్నపిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా ఛాతీలోనో కడుపులోనో పుట్టి, పూసల మధ్య నరాలు బయటికొచ్చే రంధ్రాల గుండా లోపలికి చొరబడుతుంది. కొన్ని పొర లోపల, వెన్నుపాముకు ఆనుకుని, నరాల తొడుగుల మీద పెరుగుతాయి. మూడో రకం వెన్నుపాము లోపలే పుడతాయి. పెద్దవాళ్ళతో పోలిస్తే పిల్లల్లో ఈ మూడో రకం వాటా ఎక్కువ. వీటిలో మళ్ళీ మొదటి స్థానం ఆస్ట్రోసైటోమాది. నరకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ల జాతి కణాల నుంచి వచ్చే కణితి ఇది. పెద్దవాళ్ళలో ఎక్కువగా కనిపించే ఎపెండిమోమా పిల్లల్లో రెండో స్థానంలో ఉంటుంది. పిల్లల ఆస్ట్రోసైటోమాల్లో అత్యధికం నెమ్మదిగా పెరిగేవే. వేగంగా పెరిగి ప్రాణం మీదికి తెచ్చేవి తక్కువ.

నెమ్మదిగా పెరగడం మంచిదే అనిపిస్తుంది. చికిత్స విషయంలో మంచిదే, గుర్తుపట్టే విషయంలో కాదు. కణితి కొద్దికొద్దిగా ఉబ్బుతుంటే వెన్నుపాములోని నరాలు సాగుతూ, పక్కకు ఒదుగుతూ చాలాకాలం తమ పని తాము చేసుకుపోతాయి. కణితికి పైనా కిందా వెన్నుపాములో నీటి తిత్తులు ఏర్పడవచ్చు. ఎదిగే వయసు కాబట్టి ఎముక గోడ కూడా లోపలి ఒత్తిడికి తలవంచి వెడల్పవుతుంది. పాత కణితి ఉన్న పిల్లల ఎక్స్‌రేలో పూసల రెండు పక్కల మధ్య దూరం ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. పిల్లల ఒంటికి ఉన్న ఈ సర్దుకుపోయే గుణం జబ్బును కప్పిపెడుతుంది. లక్షణాలు వస్తాయి, కొంత తగ్గినట్టుంటాయి, మళ్ళీ వస్తాయి. తగ్గిన రోజుల్లో ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేస్తారు.

ఆ లక్షణాలేమిటో కాస్త నిదానంగా చూడాలి. నా దృష్టిలో ఈ విషయంలో మామూలు పాఠకుడికి అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే.

ముందుగా నొప్పి. కణితి ఉన్నచోట వెన్ను మధ్యలో నొప్పి వస్తుంది. పడుకుంటే పెరుగుతుంది, లేచి కూర్చుంటే కొంత తగ్గుతుంది. పడుకున్నప్పుడు వెన్ను చుట్టూ ఉన్న సిరల్లో రక్తం నిలిచి, అప్పటికే ఇరుకైన చోట ఒత్తిడి పెరగడం ఇందుకు కారణమని వైద్యులు చెబుతారు. ఎదిగే పిల్లలకు రాత్రిళ్ళు కాళ్ళనొప్పులు రావడం చాలా ఇళ్ళలో చూసేదే. అయితే ఆ నొప్పులు రెండు కాళ్ళలోనూ, పిక్కల్లోనో తొడల్లోనో వస్తాయి. కాళ్ళు పిసికితే తగ్గుతాయి. తెల్లారేసరికి పిల్లవాడు మామూలుగా గెంతుతుంటాడు. వెన్ను మధ్యలో ఒకేచోట పట్టి వారాలు గడిచేకొద్దీ పెరిగే నొప్పి ఆ కోవలోకి రాదు. కణితి ఛాతీ వెనక భాగంలో ఉంటే నొప్పి నడుముకు పట్టీ కట్టినట్టు ముందుకు పాకి కడుపునొప్పిలా అనిపిస్తుంది. అలాంటి పిల్లలకు నులిపురుగుల మందులు వేసి, కడుపు స్కాన్‌ తీసి, ఏమీ లేదని పంపేయడం జరుగుతుంటుంది.

తర్వాత నడక. కాలిలోంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం మన న్యూరాలజిస్టులు రోగిని తప్పకుండా అడిగే సంగతి. బూట్లేసుకునే దేశాల పాఠ్యపుస్తకాల్లో దీనికంత చోటుండదు, మన దగ్గర మాత్రం మొదటి ఆనవాళ్ళలో ఇదొకటి. మునుపు పరుగెత్తిన పిల్ల ఇప్పుడు తూలుతుంది, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది, మునివేళ్ళ మీద నడుస్తుంది, ఆటల్లో అందరికన్నా వెనకబడుతుంది. ఇంకా మాటలు సరిగా రాని పసివాళ్ళయితే చెప్పలేరు. నడక వచ్చిన పిల్లవాడు మళ్ళీ పాకడం మొదలుపెడతాడు, లేదా ఎత్తుకోమని మారాం చేస్తాడు. నేర్చుకున్న విద్యను పిల్లలు ఊరికే పోగొట్టుకోరు. ఎదుగుదలలో వెనక్కి వెళ్ళడం ఎప్పుడూ మొండితనం ఖాతాలో వేయకూడదు.

మెడభాగంలో కణితి అయితే చేతులు దెబ్బతింటాయి. కుడిచేత్తో తినే పిల్లవాడు ఉన్నట్టుండి ఎడమచేతికి మారడం దాని గుర్తు కావచ్చు. మన ఇళ్ళలో ఎడమచేత్తో అన్నం తింటే వెంటనే కసురుతాం. కసిరే ముందు కుడిచేతి పట్టు ఎలా ఉందో ఒకసారి చూడాలి. మెడ ఒకవైపు వాలిపోయి నెల గడిచినా సరికాకపోవడం కూడా అలాంటిదే. రాత్రి పడుకున్న తీరు బాగాలేక మెడ పట్టేస్తే కొద్దిరోజుల్లో వదులుతుంది.

వెన్ను వంకర గురించి విడిగా చెప్పుకోవాలి. వెన్నుపాములో కణితి ఉన్న పిల్లల్లో చాలామందికి వెన్ను పక్కకు వంగుతుంది. వీపు కండరాలకు ఒకవైపు నరాల బలం తగ్గితే రెండోవైపు లాగేస్తుంది. కొందరిలో బయటికి కనిపించే మొదటి గుర్తు ఇదే. కాబట్టి పిల్లను ముందుగా ఎముకల డాక్టరు దగ్గరికే తీసుకెళ్తారు. టీనేజీ ఆడపిల్లల్లో ఏ కారణమూ లేకుండా వెన్ను వంగడం తరచుగా కనిపిస్తుంది. దానిలో సాధారణంగా ఛాతీ దగ్గర వంపు కుడివైపుకు ఉంటుంది, నొప్పి పెద్దగా ఉండదు. వంపు ఎడమవైపుకు ఉన్నా, పిల్ల పదేళ్ళలోపుదైనా, నొప్పి పెడుతున్నా, వంపు వేగంగా పెరుగుతున్నా, కాళ్ళలో ఏ చిన్న బలహీనత కనిపించినా బెల్టు వేసే ముందు లోపల ఏముందో చూడాలి.

చివరిది మూత్రం, మలం. పక్క తడపడం మానేసి ఏడాది దాటిన పిల్లవాడు మళ్ళీ తడుపుతుంటే, దాంతోపాటు మలబద్ధకం పట్టుకుంటే, సిగ్గుపెట్టి మాన్పించే అలవాటు కాదది. ఉన్నట్టుండి కాళ్ళు చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా గంటల్లో ఆస్పత్రికి చేరాలి. తెల్లవారేదాకా ఆగకూడదు.

ఒంటిమీద కాఫీరంగు మచ్చలు ఆరో అంతకుమించో ఉన్న పిల్లలకు న్యూరోఫైబ్రోమటోసిస్‌ అనే జన్యులోపం ఉండవచ్చు. ఇలాంటి కణితులు వచ్చే అవకాశం వాళ్ళలో ఎక్కువ. మిగతా చాలామంది పిల్లల్లో మాత్రం ఈ జబ్బుకు తల్లిదండ్రులు చేసిందీ లేదు, చేయకపోయిందీ లేదు. గర్భంతో ఉన్నప్పుడు తిన్నదాన్నీ చూసినదాన్నీ తలచుకుని తల్లులు తమను తాము నిందించుకోవడం నన్ను బాధపెట్టే విషయం. దానికి ఏ ఆధారమూ లేదు.

అనుమానం వచ్చాక తేల్చేది ఎమ్మారై. ఎక్స్‌రే బాగుందంటే వెన్నుపాము బాగున్నట్టు కాదు, ఎక్స్‌రేలో వెన్నుపాము కనిపించదు. మన దేశంలో పిల్లల వెన్నునొప్పికి క్షయ కూడా ఒక ముఖ్యమైన కారణమే, డాక్టర్లు ముందు దాన్ని అనుమానించడంలో న్యాయముంది. కానీ అనుమానంతోనే ఆగి నెలల తరబడి మందులు వాడే ముందు ఎమ్మారై తీయాలి. ఇంకో జాగ్రత్త: కాళ్ళు బలహీనంగా ఉన్నాయని నడుము వరకే ఎమ్మారై తీస్తే కణితి తప్పించుకోవచ్చు. మెడలోనో ఛాతీ వెనకో ఉన్న కణితి కూడా కాళ్ళనే పడగొడుతుంది. వెన్ను మొత్తం తీయించాలి. చిన్నపిల్లలు ఆ యంత్రంలో కదలకుండా అంతసేపు ఉండలేరు కాబట్టి మత్తిచ్చి తీస్తారు. దానికి భయపడి వాయిదా వేయవద్దు.

కణితిని ఉన్న చోటుకన్నా కిందే వెతికే ఈ పొరపాటు, డ్యూరా పొర లోపలి కణితిని విజయవంతంగా తీసిన మొట్టమొదటి ఆపరేషన్‌లోనే ఎదురైంది. 1887లో లండన్‌ క్వీన్‌ స్క్వేర్‌ ఆస్పత్రిలో 42 ఏళ్ళ సైన్యాధికారి రెండు కాళ్ళూ పడిపోయి చేరాడు. అప్పటికి ఎక్స్‌రేలే లేవు. న్యూరాలజిస్టు విలియం గోవర్స్‌ స్పర్శ ఎక్కడి వరకు పోయిందో చేత్తో పరీక్షించి, కణితి ఫలానా చోట ఉందని లెక్కగట్టాడు. జూన్‌ 9న విక్టర్‌ హార్స్‌లీ వీపు కోసి చూస్తే అక్కడ ఏమీ కనిపించలేదు. వెనక్కి తగ్గకుండా ఇంకా పైకి వెళ్ళి మరికొంత ఎముక తీస్తే, వెన్నుపామును నొక్కుతూ బాదంగింజంత కణితి దొరికింది. ఆ అధికారి ఏడాది తిరిగేసరికి మళ్ళీ నడిచాడు.

అది వెన్నుపాము బయట ఉన్న కణితి. లోపలి కణితిని తీసే సాహసం 1907లో వియన్నాలో ఆంటన్‌ ఫాన్‌ ఐసెల్స్‌బర్గ్‌ చేశాడు. 1911లో న్యూయార్క్‌లో చార్లెస్‌ ఎల్స్‌బర్గ్‌ విచిత్రమైన పద్ధతి ఒకటి వివరించాడు. వెన్నుపాము మధ్యగీత మీద చిన్న గాటు పెట్టి, కణితిని ముట్టుకోకుండా వదిలేసి గాయం మూసేసేవాడు. లోపలి ఒత్తిడికి కణితి తనంత తాను బయటికి నెట్టుకొచ్చేది. సుమారు వారం తర్వాత మళ్ళీ తెరిచి, అలా బయటపడ్డదాన్ని తీసేసేవాడు. చేతిలో మంచి పనిముట్లు లేని కాలంలో నరాలకు దెబ్బ తగలకుండా ఉండటానికి ఒక సర్జన్‌ చూపిన ఆ ఓర్పును తలచుకుంటే ఈనాటికీ గౌరవం కలుగుతుంది.

తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చాలామంది సర్జన్లు కణితి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, మిగతాది రేడియేషన్‌కు వదిలేసేవారు. పిల్లల విషయంలో అది ఖరీదైన బేరం. ఎదిగే పూసల మీద రేడియేషన్‌ పడితే ఎదుగుదల ఆగిపోతుంది, వెన్ను వంగుతుంది, ఏళ్ళు గడిచాక అదే చోట మరో క్యాన్సర్‌ పుట్టే ప్రమాదం కూడా ఉంటుంది. ఇంత చేసినా కణితి మళ్ళీ పెరిగేది.

దారి మార్చిన పనిముట్టు కంటి ఆపరేషన్‌ నుంచి వచ్చింది. 1967లో న్యూయార్క్‌ కంటివైద్యుడు చార్లెస్‌ కెల్మన్‌, పళ్ళ డాక్టరు గార తీసే అల్ట్రాసౌండ్‌ పరికరాన్ని చూసి, శుక్లాన్ని చితక్కొట్టి పీల్చేసే ఫేకో పద్ధతి కనిపెట్టాడు. ఆ ఊహతోనే మెదడు కణితుల కోసం తయారైన పరికరం కొన సెకనుకు 23,000 సార్లు కంపిస్తూ కణితిని లోపలి నుంచే పొడిచేసి పీల్చుకుంటుంది. పట్టి లాగాల్సిన పని లేదు. లాగకపోతే చుట్టూ ఉన్న నరాలు తెగవు. న్యూయార్క్‌ విశ్వవిద్యాలయంలో పిల్లల న్యూరోసర్జన్‌ ఫ్రెడ్‌ ఎప్‌స్టీన్‌ ఈ పరికరంతో పిల్లల వెన్నుపాము లోపలి ఆస్ట్రోసైటోమాలను దాదాపు పూర్తిగా తీయడం మొదలుపెట్టాడు. 19 మంది పిల్లల అనుభవాన్ని 1982లో ప్రచురించాడు. ముట్టుకోకూడదని అందరూ అనుకున్నచోట అతను చెయ్యిపెట్టాడు. 2001లో సైకిల్‌ ప్రమాదంలో తలకు పెద్ద దెబ్బ తగిలి అతని ఆపరేషన్లు ఆగిపోయాయి, 2006లో కన్నుమూశాడు.

అతని బృందం చికిత్స చేసిన 164 మంది పిల్లలూ యువకుల ఫలితాలు 2000లో వెలువడ్డాయి. వాటిని నిజాయితీగా చదవాలి. ఆపరేషన్‌ అయిన మూడు నెలలకు దాదాపు 60 శాతం మంది పూర్వస్థితిలోనే ఉన్నారు. సుమారు 16 శాతం మంది మెరుగయ్యారు. దాదాపు 24 శాతం మంది ముందున్నంత కూడా లేరు. నెమ్మదిగా పెరిగే రకంలో 78 శాతం మందికి ఐదేళ్ళ వరకు కణితి మళ్ళీ పెరగలేదు. వేగంగా పెరిగే రకంలో ఇది 30 శాతమే. అంటే ఈ ఆపరేషన్‌ ప్రధానంగా ఉన్నదాన్ని నిలబెడుతుంది, పోయినదాన్ని తెచ్చివ్వడం తక్కువ. బాగా నడుస్తూ వచ్చిన పిల్ల నడుస్తూ ఇంటికి వెళ్ళే అవకాశం ఎక్కువ. చక్రాల కుర్చీలో వచ్చిన పిల్లకు ఆ అవకాశం చాలా తక్కువ. ఆలస్యం గురించి ఇంతగా చెప్పడానికి ఆధారం ఈ అంకెలే.

ఇప్పుడు ఈ ఆపరేషన్‌ సర్జన్‌ ఒక్కడి చేతిలో లేదు. పిల్లవాడు మత్తులో ఉండగానే తలమీద అమర్చిన సూదుల ద్వారా మెదడుకు చిన్న విద్యుత్తు తాకిడి ఇస్తారు. ఆ కబురు వెన్నుపాము దాటి కాలి కండరానికి చేరుతోందా లేదా అని ఒక నిపుణుడు తెరమీద చూస్తూ కూర్చుంటాడు. వెన్నుపాము మీదే ఉంచిన తీగ డి-వేవ్‌ అనే మరో సంకేతాన్ని కొలుస్తుంది. కండరపు స్పందన మాయమైనా డి-వేవ్‌ సగానికి పైగా నిలిచి ఉంటే, లేవగానే కాలు బలహీనంగా ఉన్నా తర్వాత కోలుకుంటుందని అనుభవం నేర్పింది. డి-వేవ్‌ కూడా సగానికి పడిపోతే సర్జన్‌ చేయి ఆపేస్తాడు, గోరువెచ్చని సెలైన్‌తో తడిపి వేచిచూస్తాడు. సంకేతం తిరిగి రాకపోతే అక్కడితో ముగిస్తాడు. ఎపెండిమోమాకు చుట్టూ స్పష్టమైన అంచు ఉంటుంది కాబట్టి చాలాసార్లు పూర్తిగా తీయగలరు. ఆస్ట్రోసైటోమాకు అంచు తరచూ కనిపించదు, కొంత వదిలేయడమే తెలివి. 'పూర్తిగా తీశారా డాక్టర్‌?' అని తండ్రి అడిగినప్పుడు 'కొంచెం వదిలేశాం' అనే జవాబు వింటే గుండె జారుతుంది. కానీ ఆ వదిలేసిన కొంచెంలోనే పిల్లవాడి కాళ్ళు ఉండవచ్చు. నెమ్మదిరకం అయితే ఆ మిగిలింది ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోవడం కూడా కద్దు.

మిగిలినది పెరిగితే మళ్ళీ ఆపరేషన్‌, లేదా మందులు. కార్బోప్లాటిన్‌, విన్‌క్రిస్టిన్‌ లాంటి కీమో మందులు రేడియేషన్‌ను వెనక్కి నెట్టడానికి చాలాకాలంగా ఉపయోగపడుతున్నాయి. ఈ కణితుల్లో కొన్నింటిలో బిరాఫ్‌ అనే జన్యువు చెడి, పెరగమనే సంకేతం ఆగకుండా వస్తుంటుందని తేలాక నేరుగా దాన్నే అడ్డుకునే మందులు వచ్చాయి. ఒక రకం బిరాఫ్‌ మార్పు ఉన్న పిల్లల నెమ్మదిరకం గ్లయోమాలకు (ఆస్ట్రోసైటోమాలు ఈ కుటుంబంలోవే) డబ్రాఫెనిబ్‌, ట్రామెటినిబ్‌ జంటను అమెరికా 2023లో అనుమతించింది. కణితి ముక్కను జన్యుపరీక్షకు పంపాలా అని డాక్టర్‌ను అడగడం అందుకే ఇప్పుడు అవసరం.

ఆపరేషన్‌ తర్వాతి ఏళ్ళు కూడా చికిత్సలో భాగమే. తీసిన పూసల వెనకభాగాన్ని తిరిగి అమర్చి మూసినా, ఎదిగేకొద్దీ వెన్ను ముందుకో పక్కకో వంగవచ్చు. ఎత్తు పెరిగే వయసంతా ఎముకల డాక్టర్‌ చూస్తూ ఉండాలి. ఫిజియోథెరపీ నెలల తరబడి సాగుతుంది. మూత్రం సరిగా ఖాళీ కాని పిల్లలకు శుభ్రమైన సన్నటి గొట్టంతో రోజుకు కొన్నిసార్లు తీయడం ఇంట్లోవాళ్ళకే నేర్పుతారు. అది మానేస్తే తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. ఎమ్మారై కూడా ఏళ్ళపాటు తీస్తూనే ఉండాలి.

హైదరాబాద్‌ నిమ్స్‌, విశాఖపట్నం కె.జి.హెచ్‌., తిరుపతి స్విమ్స్‌లలో న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్‌ వైద్యసేవ పథకాల్లో న్యూరోసర్జరీ చికిత్సలు చేరి ఉన్నాయి. ఎక్కడ చేయించినా, ఆపరేషన్‌ సమయంలో నరాల పర్యవేక్షణ ఉంటుందా, ఇలాంటి పిల్లలకు ఇంతకుముందు ఎందరికి చేశారు అని అడగడానికి మొహమాటపడకండి. మంచి సర్జన్‌ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

స్కూల్లో డ్రిల్లు చెప్పే మాస్టారు, ఇంట్లో స్నానం చేయించే అమ్మమ్మ, ఊళ్ళో నాడి చూసే డాక్టరు, ఈ ముగ్గురూ మిగతా అందరికన్నా ముందు ఈ మార్పులు చూడగలరు. మీ ఎరుకలో రాత్రిళ్ళు వెన్నునొప్పితో లేచే పిల్లవాడో, చెప్పు జారినా గమనించని పిల్లో, వచ్చిన నడక పోగొట్టుకున్న పసివాడో ఉంటే ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి, కాళ్ళబలం, స్పర్శ, నడక పరీక్షించమని అడగండి.